నూకరాజు చెప్పిన నలభై ఎనిమిది అంకెలు

నా దగ్గరకి వచ్చే లాప్‌టాపుల్లో నెలకి ఒకదానికైనా దెయ్యం పట్టి ఉంటుంది. అంటే, తెచ్చినవాళ్లు అలా చెబుతారు. దానంతటదే ఆన్ అయిపోతోందండీ అని ఒకరు, ఎవరో టైపు చేస్తున్నట్టు అక్షరాలు పడిపోతున్నాయండీ అని ఇంకొకరు. గొంతు తగ్గించి మరీ చెబుతారు. నేను వెనక మూత విప్పి చూపిస్తాను. ఒకసారి లోపల బొద్దింకల కాపురం. ఇంకోసారి కీబోర్డు కింద ఎండిపోయిన టీ. బొబ్బిలి నుంచి ఒక మాస్టారు లాప్‌టాప్‌కి పూజ చేయించి తెచ్చారు, ఆ కుంకుమ గాలి పోయే కన్నాల్లోంచి దిగి ఫ్యానుకి పట్టేసింది. పన్నెండేళ్లుగా శ్రీకాకుళంలో ఇదే పని చేస్తున్నాను. దుమ్మో, కరెంటో, లేకపోతే మనిషి తొందరో. ఇవి కాని దెయ్యం నాకింతవరకు తగల్లేదు.

అందుకే ఇది రాయడానికి నాకు మొహమాటంగా ఉంది. మా ఆయనకి సగం చెప్పేసరికి, ఎండన పడి తిరక్కు అని మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. మిగతా సగం చెప్పలేదు.

నా షాపు ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక విత్తనాల కొట్టు మీద మేడ గది. ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి షట్టరు ఎత్తుతుంటే, మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలు చుట్టిన లాప్‌టాప్. పాతికేళ్లుంటాయి. జుట్టు దువ్వుకోలేదు, కాళ్లకి ఇసుక. పేరు కుమారి అనీ, కళింగపట్నం నుంచి మొదటి బస్సుకి వచ్చేశాననీ చెప్పింది. లాప్‌టాప్ తిరగేసి చూస్తే అడుగున నేను అంటించిన కాగితమే ఉంది, నా చేతిరాతే. కళింగపట్నం, నూకరాజు.

నూకరాజు నాకు బాగా గుర్తు. ఏడాదిన్నర కిందట ఈ లాప్‌టాప్‌కి కొత్త డిస్కు వేయించుకోడానికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, డిగ్రీ చదివి కూడా చేపల వేటకే వెళ్తాడు. సముద్రం అడుగున రాళ్లుండే చోట చేప చేరుతుందట. అలాంటి చోట్లు వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నవి, తను కనిపెట్టినవి, అన్నీ జీపీఎస్ అంకెలతో సహా ఇందులో ఎక్కించుకున్నాడు. అవి పక్క బోటువాడికి తెలిస్తే ఇంకేముంది, మర్నాడు అక్కడ తిరనాలే. అందుకని ఎవరికీ చెప్పరు. ఒక్కో చోటుకీ ఒక్కో పేరు పెట్టుకున్నాడు. పేర్లు ఊరందరికీ తెలుసు, అంకెలు మాత్రం ఇంటి గుట్టు.

కొత్త డిస్కు వేసి సిస్టమ్ ఎక్కించాక, అది లోపలున్నదంతటికీ దానంతటదే తాళం వేసుకుంది. ఇప్పుడొచ్చేవి చాలావరకు అంతే. ఎప్పుడైనా ఏదైనా తేడా వస్తే తాళం తియ్యడానికి నలభై ఎనిమిది అంకెలు అడుగుతుంది, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. అవి స్క్రీన్ మీద చూపించి రాసి పెట్టుకోమన్నాను. నూకరాజు రెండుసార్లు చదివి, కళ్లు మూసుకుని మొత్తం అప్పజెప్పేశాడు. ఒడ్డు మీద కొండనీ చెట్టునీ గురుతు పెట్టుకుని నడిసముద్రంలో రాయిని పట్టేవాళ్లమమ్మా, ఇదో లెక్కా అని నవ్వాడు. నేను మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాను, రాసుకోమని. అలాంటి అంకెలు నేను నా దగ్గర ఉంచుకోను. ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలన్నది మొదట్నుంచీ నా పద్ధతి.

ఆ పద్ధతిని నేను తిట్టుకున్నది ఆ రోజే.

కుమారి చెప్పిన విషయం ఇది. వాళ్లాయన దానేసు, నూకరాజుకి తమ్ముడు. రెండు రోజుల కిందట తెల్లవారుజామున మరో ఇద్దరితో బోటు వేసుకుని వెళ్లాడు. వెళ్లే ముందు ఈ లాప్‌టాప్ తెరిచి, అన్న చోటు ఒకటి చూసుకుని, అంకెలు చేతి జీపీఎస్‌లోకి ఎక్కించుకున్నాడు. లాప్‌టాప్ అదే పనిగా అప్‌గ్రేడ్ అప్‌గ్రేడ్ అని అడుగుతుంటే, సరే అని నొక్కేసి పోయాడు. సాయంత్రానికి రావాల్సిన బోటు రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోన్లు అంత దూరం అందవు. ఊళ్లో మూడు బోట్లు వెతకడానికి సిద్ధంగా ఉన్నాయి గానీ, ఎటని వెళ్తాయి? అధికారులకీ చెప్పారు, వాళ్లూ అదే అడిగారు. సాయంత్రం నుంచి గాలి పెరుగుతుందని హెచ్చరిక ఉంది. చీకటి పడితే ఒక్క బోటు కూడా దిగదు.

"పెళ్లి చోటుకెల్తన్నానన్నాడక్కా. మా పెళ్లి రోజుని మా బావగారికి దొరికిన రాయది. పేరే తెలుసు నాకు. అదెక్కడున్నాదో నాకేటి తెలుస్తాది," అంది.

లాప్‌టాప్ ఆన్ చేశాను. అప్‌గ్రేడ్ సగంలో ఏదో మెలికపడినట్టుంది. నీలం రంగు తెర వచ్చి, అంకెలు అడుగుతూ కూర్చుంది. నాకు తెలిసినవన్నీ చేశాను. పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్దామంటే డిస్కే తెరుచుకోదు. డిస్కు ఊడదీసి వేరే దానికి తగిలించినా అదే తాళం. నూకరాజు ఆన్‌లైన్ ఖాతాలో ఆ అంకెలు ఉండే అవకాశం ఉంది గానీ, లోపలికి వెళ్లాలంటే ఆయన ఫోన్‌కి వచ్చే కోడ్ కావాలి. ఈలోగా కుమారికి ఒడ్డు నుంచి నిమిషానికో ఫోన్. గదిలో సిగ్నల్ సరిగ్గా ఉండదని, అది మోగినప్పుడల్లా మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెడుతోంది. తిరిగి వచ్చి నా చేతులకేసి చూస్తోంది. అలా చూస్తుంటే పని చెయ్యడం చాలా కష్టం.

మధ్యాహ్నమైపోయింది. కుమారి మళ్లీ కిందికి వెళ్లింది. నాకు చిరాకొచ్చింది. బుర్ర లేనిదాన్లా ఇన్ని గంటలు కుస్తీ పట్టే బదులు ఆ మనిషినే అడగొచ్చు కదా అనిపించింది. నూకరాజు నంబరు నా ఫోన్లో ఉంది. ఆయనెక్కడున్నాడు, ఇంత జరుగుతుంటే తనెందుకు రాలేదు అని కుమారిని అడగాలని నాకు తోచలేదు. నాది అలాంటి బుద్ధి. చెయ్యి ముందు, ఆలోచన తర్వాత.

ఫోన్ చేశాను. పన్నెండు దాటి ఏడు నిమిషాలు. రెండు రింగులకి ఎత్తాడు.

"ఎవులు?" అన్నాడు. వెనక గాలి హోరు. ఒడ్డున ఉన్నాడనుకున్నాను.

నేను పేరు చెప్పి తిట్లు లంకించుకున్నాను. రాసి పెట్టుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా, ఇప్పుడు చూడండి, మీ లాప్‌టాప్ తాళం వేసుక్కూర్చుంది, మీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, అది చెప్పండి అన్నాను. ఆయన చిన్నగా నవ్వాడు. అదే నవ్వు.

"కోడెందుకమ్మా. సెప్తన్నాను, రాసుకో."

పక్కనున్న పాత బిల్లు కాగితం వెనక రాసుకున్నాను. నెమ్మదిగా, ఒక్కో అంకే విడదీసి, గుంపుకోసారి ఆగుతూ చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. ఆ ఆగిన చోట కూడా ఊపిరి తీసుకున్నట్టు అనిపించలేదు. చివరి అంకె అయ్యాక, "గాలి లెగిసీలోగా బోట్లు పంపించీండమ్మా" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

అంకెలు కొట్టడం మొదలుపెట్టాను. మొదటి రెండు గుంపులూ తీసుకుంది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. చూస్తే ఆ గుంపులో ఐదంకెలే ఉన్నాయి. ఆరు పడితేగాని ముందుకి కదలదు. కిందికి చూస్తే ఐదో గుంపులోనూ ఐదే, చివరిదాంట్లోనూ ఐదే. మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి రింగే అవలేదు. ఈ నంబరు మనుగడలో లేదని అమ్మాయి గొంతు చెప్పింది. ఇంకోసారి చేశాను, అదే. ఒడ్డున సిగ్నల్ గొడవ అనుకుని గట్టిగానే విసుక్కున్నాను.

అప్పుడే కుమారి పైకి వచ్చింది. అంకెలు దొరికాయి గానీ మూడు చోట్ల తక్కువ పడుతున్నాయని చెప్పాను. మొత్తం గుర్తు తెచ్చుకుంటే ఆ మూడు గుంపుల ముందూ ఆయన "లాభం" అని మొదలుపెట్టాడు. అది నాకు వింతేమీ కాదు. మాది రాజాం దగ్గర పల్లె, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు లాభం అనే ఎత్తుకుంటారు. ఆ అలవాటుకొద్దీ శుభమా అని అంటున్నాడనుకుని, ఆ మాట వదిలేసి తర్వాతి అంకెలే రాసుకున్నాను. చెప్పినాయన మూడు చోట్లా లాభం అన్నాడని కుమారికీ చెప్పాను.

"లాభమంటే ఒకటే కాదేటక్కా," అంది కుమారి. "మా బావగారు సేపల్లెక్కెట్టినా అంతే. ఒకటనరు."

నిజమే. మా కళ్లంలో కూడా లాభం తర్వాత వచ్చేది రెండే. చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు నాకు.

మూడు చోట్లా ముందు ఒకటి పెట్టాను. చివరి గుంపు పూర్తవగానే నీలం తెర పోయింది. చుక్కలు గిర్రున తిరిగాయి. ఒక పది నిమిషాలు తిరిగి ఉంటాయి. తెరుచుకుంది. నూకరాజు ఫైలు ముందే ఉంది. పేర్లు తెలుగులో, పక్కన లోతు, ఏ నెలలో ఏ చేప పడుతుందో, అంకెలు. పన్నెండో వరసలో పెళ్లి చోటు.

కుమారి ఆ అంకెలు రెండుసార్లు ఫోన్లో చదివి, అవతలివాళ్ల చేత తిరిగి చదివించుకుంది. బోట్లు దిగుతున్నాయని వాళ్లు చెప్పాక ఫోన్ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అప్పుడడిగింది.

"అంకెలెవులు సెప్పేరక్కా?"

"మీ బావగారే. ఇందాక ఫోన్ చేశాను కదా."

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను ఆటలాడుతున్నానేమోనని చూసిన చూపు అది. కాదని తెలిసిపోయాక మెల్లగా వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది.

"మా బావగారు పోయి తొమ్మిది నెల్లయింది," అంది.

కామెర్లతో పోయాడట. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడు. ఈ లాప్‌టాప్ అప్పట్నుంచీ బీరువాలోనే ఉందట, మొన్న దానేసు తీసేవరకు. బయట ఎర్రటి ఎండ, కింద విత్తనాల కొట్టులో బేరాలు సాగుతున్నాయి. నా ఫోన్ తీసి చూశాను. నూకరాజు పేరు, పన్నెండూ ఏడు, నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. కుమారికి చూపించాను. తను ముట్టుకోలేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, అది ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి ఆ తర్వాత తట్టింది. దానేసు రాలేదని గానీ, బోట్లు ఎదురుచూస్తున్నాయని గానీ, గాలి లేస్తుందని గానీ నేను నూకరాజుకి చెప్పలేదు. లాప్‌టాప్ సంగతి తప్ప ఆ ఫోన్లో నా నోట్లోంచి ఇంకో మాట రాలేదు.

సాయంత్రం ఐదున్నరకి కుమారి ఫోన్ చేసింది. ఏడుస్తోంది, మాట అర్థం కాలేదు. వెనక జనం కేకలు వినిపించాక తెలిసింది, దొరికారు. ముగ్గురూ బతికే ఉన్నారు. పెళ్లి చోటులోనే ఉన్నారు. ఇంజను చచ్చిపోతే లంగరు వేశారు, అది అడుగున రాళ్లలో గట్టిగా పట్టుకుంది. బోటు అక్కణ్నుంచి కదల్లేదు, ఇటు తాగడానికి నీళ్లు అయిపోయాయి. ఇంకొక్క గంట దాటితే గాలికి తాడు తెగేదని తెచ్చినవాళ్లు అన్నారట.

పన్నెండు రోజుల తర్వాత దానేసు నా షాపుకొచ్చాడు. ఎండకి మొహం తోలు ఊడిపోయి ఉంది, పెదాలింకా మానలేదు. ఒక సంచీ నిండా ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చాడు. జేబులోంచి ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్లన్న ఫోన్. వాళ్లమ్మ ఇన్నాళ్లూ పెట్టెలో బట్టల మధ్య దాచిందట. తెరిచి చూశాను. బ్యాటరీ బూరెలా ఉబ్బి వెనక మూతని పైకి తోసేసింది. ఎప్పుడో చచ్చిన ఫోనది. సిమ్ తీసి నా ఫోన్లో వేశాను, నెట్‌వర్క్ లేదు. మర్నాడు తెలిసిన సిమ్‌ల షాపాయన్ని అడిగితే, అది ఆగిపోయి నెలలైంది, ఇంకెవరికీ ఇవ్వలేదు అన్నాడు.

దానేసు ఆ ఉబ్బిన మూతని వేలితో నొక్కి చూశాడు. తర్వాత చెప్పాడు. దొరికిన రోజు, సూర్యుడు సరిగ్గా నెత్తి మీదున్న వేళ, బోటులో ముగ్గురికీ ఒక గొంతు వినిపించింది. ఎవరో నీళ్ల మీద లెక్కపెడుతున్నారు. ఒడ్డున చేపలు లెక్కపెట్టినట్టే.

"మా అన్నేనండి. మిగతా ఇద్దరూ ఇన్నారు. గాని ఒక వరసనేదు, పాడునేదు. నాలుగంటాడు, సున్నా అంటాడు, లాభమంటాడు. మా అన్నెప్పుడూ లెక్క తప్పడు. ఆడే తప్పుతన్నాడంటే మేం సచ్చిపోతన్నామనుకున్నాం."

నేను సొరుగులోంచి ఆ బిల్లు కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. రెండు గుంపులు చదివి మూడో దాంట్లో లాభం అనగానే దానేసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలండి," అన్నాడు.

ఎలా జరిగిందండీ అని అడిగాడు. తెలీదన్నాను. నాకంటే తెలిసినవాళ్లనీ అడిగాను. ఫోన్ కంపెనీలో పనిచేసే మా చుట్టాలబ్బాయి స్క్రీన్‌షాట్ చూసి, ఏదో సాంకేతిక లోపం అన్నాడు. నేనూ కస్టమర్లకి ఇన్నేళ్లు ఆ మాటే చెప్పాను. లోపం ఫోన్‌ని మోగించగలదేమో గానీ, నలభై ఎనిమిది అంకెలు ఎలా చెబుతుంది? గాలి లేస్తుందని ఎలా చెబుతుంది? దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనలేను. లేవని అనబోతే నోరు రావడం లేదు.

వెళ్లబోతూ దానేసు గుమ్మం దగ్గర ఆగాడు. ఎప్పుడు వేటకి వెళ్లినా, ఒడ్డుకి రాగానే మొదటి ఫోన్ అన్నకే చేసేవాడట. అన్న పోయిన రోజు మాత్రం తను సముద్రం మీద ఉన్నాడు. ఒడ్డుకొచ్చి ఫోన్ చేస్తే వేరేవాళ్లెత్తి ఆ మాట చెప్పారు.

"ఒక్కసారి కలపండి," అన్నాడు.

కలవదని చెప్పాను. ఫర్లేదన్నాడు. నా ఫోన్లో నంబరు నొక్కి ఇచ్చాను. ఈ నంబరు మనుగడలో లేదని ఆ అమ్మాయి గొంతు తెలుగులో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది. దానేసు రెండూ మర్యాదగా విన్నాడు. ఆ గొంతు ఆగాక, ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని గోడవైపు తిరిగాడు.

"అన్నా, ఒడ్డుకొచ్చీసేం," అన్నాడు. "ముగ్గురం వచ్చీసేం."

ఫోన్ నా చేతికిచ్చి మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను షట్టరు సగానికి దించి, లోపల కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరి కోసమో నాకే తెలీదు.